పళ్ళ కుర్చీలో ఇంజను

జూన్ 4

బండి వచ్చింది. వచ్చింది అనకూడదు, దించారు. చిన్న వ్యానులోంచి మనుషులు తలా ఒక చెయ్యి వేసి దించుతుంటే చక్రం ఒకటి తనంతట తనే ఊడి వీధి చివరిదాకా దొర్లింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "ఇందులో బండి ఏది?" అని అడిగింది.

జపాన్ మోటారు సైకిలు. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్. వాళ్ళు కొన్నాళ్ళు తయారుచేసి ఎందుకో ఆపేశారట. ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదని బావ తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి మరీ తేల్చాడు. ఫోటో స్టూడియో ఆయన షెడ్డులో, పాత పరదాల కింద, మా చిన్నప్పటి నుంచీ పడి ఉంది. తుప్పు ఎక్కడ ఆగుతుందో ఇనుము ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. సీట్లో ఎలక ఒకటి కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి పెద్దచేసి పంపించిన ఆనవాళ్ళున్నాయి.

నేను ఈ రొంపిలోకి దిగింది బావ కోసం. మా ఆవిడకి అన్నయ్య. పళ్ళ డాక్టరు. ఆస్పత్రి కూతురికి అప్పగించి ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేడట. "మీరే ఏదో ఒకటి చెయ్యండి, మీ మాటైతే వింటాడు" అని మా ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఒప్పుకున్నాను. లేకపోతే నాకు తీరికెక్కడ? మందుల షాపు నడపడమంటే మాటలా.

ఇవాళ బేరాలు కాస్త పలచన. ఎండలకి జనం బయటికి రావడం లేదు.

జూన్ 6

బండిని షాపు వెనక గదిలో పెట్టాం. ఒకప్పుడు స్టాకు పెట్టెలతో కాలు పెట్టే చోటుండేది కాదు. ఈ మధ్య ఖాళీగానే ఉంటోంది, కలిసొచ్చింది.

ఇంజను బిగుసుకుపోయింది. కిక్ మీద బావ నిలబడ్డాడు. నేను నిలబడ్డాను. ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని ఇద్దరం నిలబడ్డాం. చీమంత కదల్లేదు. బావ స్పార్క్ ప్లగ్గు విప్పి, పళ్ళు చూసే చిన్న అద్దం ఆ కన్నంలో దూర్చి, టార్చి వేసి చూశాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఎన్నేళ్ళుగా తోముకోలేదో," అన్నాడు.

లోపలికి డీజిలు పోశాం. నాననివ్వాలి. బావ ఇంటికెళ్తూ నవ్వాడు. మందు పనిచేస్తోంది.

జూన్ 7

నానుతోంది.

జూన్ 8

నానుతోంది.

ఎదురు షాపుకి కొత్త లైట్లు పెట్టారు. అదీ మందుల షాపే. అద్దాల తలుపులు, మనిషి దగ్గరికి వెళ్తే వాటంతటవే తెరుచుకుంటాయి. లోపల ఏసీ. మందుల షాపుకి ఏసీ ఎందుకో నాకు అర్థం కాదు. జ్వరంతో వచ్చినవాడు వణకడా? ఎన్నాళ్ళు నడుస్తుందో చూద్దాం.

జూన్ 11

కదిలింది. వెనక చక్రాన్ని గేర్లో పెట్టి బావ ఇటు, నేను అటు పట్టి ఊపుతుంటే లోపల "కటక్" మంది. ఏదో విరిగిందనుకుని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. విరగలేదు. పిస్టన్లు కదిలాయి. బావ నన్ను కావిలించుకున్నాడు. చేతులకున్న డీజిలంతా నా తెల్లచొక్కాకి తుడిచేశాడని తర్వాత తెలిసింది.

పాపం, ఈ మనిషికి ఎన్నాళ్ళైందో ఇలా సంతోషించి. చొక్కా పోతే పోయింది.

బేరాలు పలచన. వానలు మొదలయ్యాయి కదా, జనం బయటికి రావడం లేదు.

జూన్ 14

జపాన్ వాళ్ళ స్క్రూ తలలు మన నాలుగు పలకల స్క్రూడ్రైవరుకి సరిపోయినట్టే ఉంటాయి, సరిపోవు. బలం వేస్తే తల గుండు అవుతుంది. నేను సగం స్క్రూలు గుండు చేశాక ఈ సంగతి బావకి ఎవరో చెప్పారు. గుండైన వాటిని బావ ఇంటి నుంచి పళ్ళు పీకే పట్టకారు తెచ్చి పీకాడు. ఒక్కొక్కటి ఊడినప్పుడల్లా, "అయిపోయింది, అయిపోయింది, ఇంకేం నొప్పి ఉండదు" అంటున్నాడు. అనకుండా చెయ్యి ఆడదట.

విప్పిన ప్రతి ముక్కనీ మాత్రలు వేసిచ్చే కాగితం కవర్లో వేసి, మీద గుర్తు రాస్తున్నాను. కుడి సిలిండరుకి "ఉదయం", ఎడమ సిలిండరుకి "రాత్రి". చేతి అలవాటు.

జూన్ 17

జరగకూడనిది జరిగింది. ఎవరికీ చెప్పను. ఇక్కడ రాస్తే చాలు.

బీపీ మామ్మ వచ్చింది. నా షాపుకి పాత బేరం. కౌంటరు మీద కవరు పెట్టి, అరచేతిలో ఒలకబోసి చూపించింది. రెండు ఉక్కు గుండ్లు, గేర్‌బాక్సులోవి.

"బాబూ, ఇవి చప్పరించాలా, నీళ్ళతో మింగాలా?" అంది. "కవరు మీద రాత్రి అని రాశావు. రాత్రిదాకా ఆగుదామనుకున్నాను గానీ, బరువు చూస్తే అనుమానం వచ్చింది."

ఆవిడ మాత్రల కోసం వెనక గదిలో వెతికాను. క్లచ్ పళ్ళేల పక్కన, కవర్లో భద్రంగా ఉన్నాయి. తెచ్చి ఇచ్చి, దండం పెట్టి, క్షమించమన్నాను.

"దానికేముందిలే నాయనా. ఈ పూటకి ఎదురు షాపులో కొనుక్కున్నాను," అని ఆవిడ గుండ్లు రెండూ జాగ్రత్తగా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాటలో ఎత్తిపొడుపేం లేదు. ఉంటే బాగుండేది.

జూన్ 18

మామ్మ బావకి కట్టుడు పళ్ళ పేషెంటట. సంగతి పొద్దున్నే ఆయనకి చేరిపోయింది.

బావ వచ్చి బండి దగ్గరికి వెళ్ళలేదు. షాపులో అరల ముందు నిలబడ్డాడు. ముందు వరసలో ఒక పెట్టె పక్కకి జరిపాడు. వెనక ఏమీ లేదు. ఇంకోటి జరిపాడు.

"బావా, అన్నీ ముందు వరసే పేర్చావేంటి?"

"అలా పెడితే చూడ్డానికి నిండుగా ఉంటుంది."

"వెనకేముంది?"

"వెనక గోడ ఉంది."

పెట్టెలు మళ్ళీ ముందుకి సర్ది అన్నాడు: "ఇంజను మా ఇంటికి పట్టుకుపోతాను. నువ్వు ముందు షాపు సంగతి చూసుకో."

"నా షాపుకేం?"

"ఏమీ లేదు. నేను చెప్పేదీ అదే."

నాకు ఒళ్ళు మండింది. పనీపాటా లేక ఇంట్లో కూర్చున్నవాడు నా షాపుకే వంక పెడతాడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. బావ చేతులు తుడుచుకున్నాడు, ఈసారి తన చొక్కాకే.

"సరే బావగారూ," అన్నాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా నాకు "గారు" తగిలించలేదు ఆ మనిషి. నాకేం బాధ లేదు. మర్యాద ఎవరికి చేదు?

సాయంత్రం ఇంజను తీసుకుపోయాడు. చట్రం, చక్రాలు, ట్యాంకు నా దగ్గర ఉన్నాయి.

జూన్ 19

చాలా ప్రశాంతంగా ఉంది.

జూన్ 20

ఇవాళ కూడా ప్రశాంతంగానే ఉంది. ట్యాంకులో తుప్పు రాలడానికి నట్లు, బోల్టులు వేసి మూత పెట్టి, కౌంటరు వెనక కూర్చుని ఊపుతూ గడిపాను. గలగలమని ఒకటే మోత. ఒకాయన లోపలికి రాబోయి, నన్ను చూసి, నెమ్మదిగా వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

జూన్ 23

మా ఆవిడ పొద్దున వాళ్ళ అన్నయ్య ఇంటికి, మధ్యాహ్నం మా ఇంటికి, మళ్ళీ సాయంత్రం అటు. కూరగాయల సంచీలో ఒకసారి పిస్టన్ తెచ్చింది, ఒకసారి పట్టుకెళ్ళింది.

"క్లచ్ తీగ మీ దగ్గరుందా అని అడగమన్నాడు."

"ఉందని చెప్పు. అడిగితే ఇస్తానని చెప్పు."

"అడుగుతున్నాడు కదా."

"నోటితో అడగమను."

"మరి నాది నోరు కాదా?" అని క్లచ్ తీగ తనే వెతికి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక అనిపించింది, ఎలా ఉన్నాడు అని అడిగి ఉండాల్సిందని. అడిగితే మళ్ళీ నేనేదో బెంగ పెట్టుకున్నానని వెళ్ళి చెబుతుంది.

జూన్ 27

కంపెనీ ఆర్డర్లు రాసుకునే ఆయన వచ్చాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. "ఈసారి ఏమైనా రాయమంటారా సార్?" అన్నాడు. వచ్చేసారి చూద్దామన్నాను. పోయినసారీ అదే అన్నానట. ఆయనే గుర్తుచేశాడు, చాలా మెల్లిగా.

స్పోకులు ఒక్కొక్కటీ తోమాను. అద్దాల్లా ఉన్నాయి. ఇంత పనితనం నాలో ఉందని నాకే తెలియదు. చూపించడానికి మనిషి లేడు.

బేరాలు పలచన. నెలాఖరు కదా.

జూన్ 30

నెలాఖరు.

జులై 2

బెంగేం కాదు. వీల్ బేరింగు కొలత ఒకటి తెలుసుకోవాల్సి వచ్చి బావ ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం, ఆయన పడుకునే వేళ చూసుకుని వెళ్ళాను. కిటికీలోంచి ఒకసారి చూసి వచ్చేద్దామని.

పడుకోలేదు. ముందు గదిలో పాత పళ్ళ కుర్చీ ఉంది. ఆస్పత్రికి కొత్తది కొనుక్కుని మా మేనకోడలు దీన్ని నాన్న దగ్గరికి పంపేసింది. ఆ కుర్చీలో ఇంజను వెనక్కి వాలి పడుకుని ఉంది. మెడ కింద తువ్వాలు. పైన గుండ్రటి దీపం. బావ కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని, సన్నటి సూదితో కార్బరేటరు కన్నాలు గోకుతూ, "ఇంకొంచెం. కొంచెం ఓర్చుకోవాలి" అంటున్నాడు.

నవ్వు ఆపుకోలేకపోయాను. తలెత్తి చూశాడు.

"రండి బావగారూ. ఎంతసేపైంది వచ్చి?"

"బేరింగు కొలత కావాలి."

"బేరింగులు మీ దగ్గరే ఉన్నాయి."

నిజమే. నా దగ్గరే ఉన్నాయి. నిలబడ్డాను. ఆయన సూది కింద పెట్టాడు.

"కూర్చో," అన్నాడు. కుర్చీ ఖాళీ లేదు, పేషెంట్లు వేచి ఉండే బెంచీ మీద కూర్చున్నాను. "ఎలా ఉన్నావు, నిజం చెప్పు. మా చెల్లి చాలా దిగులు పడుతోంది."

"ఎవరి గురించి?"

"నీ గురించే. నువ్వు సరిగా తినడం లేదనీ, పలకడం లేదనీ, షాపు గురించి అడిగితే వాతావరణం చెబుతున్నావనీ. 'నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నయ్యా, నీ మాటైతే వింటారు' అంది. లేకపోతే ఈ వయసులో తుప్పు బండి నాకెందుకు బావా? రోజూ పొద్దున్నే తోటపని చేసుకుంటున్నాను, సాయంత్రం చదరంగం ఆడుకుంటున్నాను. హాయిగా ఉన్నాను."

"ఆగు ఆగు. దిగులుగా ఉన్నది నువ్వు."

"నేనా?"

"మనిషివి మనిషిలా లేవని మా ఆవిడ చెప్పింది. నీ కోసమే నేను ఈ బండి..."

ఇద్దరం ఇంజను వైపు చూశాం. మా ఇద్దరిలో కాస్త నిమ్మళంగా ఉన్నది అదొక్కటే.

అక్కడినుంచి తిన్నగా మా ఇంటికి నడిచాం. మా ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఇద్దరం చెరోవైపు నిలబడి నిలదీశాం. ఆవిడ దుప్పటి దులిపి తీగ మీద వేస్తూ, అవతలి నుంచే మాట్లాడింది.

"ఇద్దరితోనూ నిజమే చెప్పాను."

"ఎలా నిజం? వీడు హాయిగా ఉన్నానంటున్నాడు," అన్నాను.

"చదరంగం ఎవరితో ఆడుతున్నాడో అడగండి."

అడిగాను. ఒక్కడే ఆడుకుంటున్నాడట, రెండు పక్కలా తనే.

"మీ కోసం మీరు లేవండి అంటే లేస్తారా? ఇద్దరూ మొండిఘటాలే," అంది మా ఆవిడ. "అవతలివాడు పడిపోతున్నాడు పట్టుకో అంటే మాత్రం పరిగెత్తుకొస్తారు. ఆ క్లిప్పులు ఇలా ఇవ్వండి."

ఇచ్చాం.

జులై 3

పొద్దున బావ వచ్చాడు. "ఒరేయ్ బావా, చట్రం ఎక్కడ?" అన్నాడు. గారు పోయింది, ఒరేయ్ వచ్చింది. ఇదీ పెళ్ళయ్యాక మొదటిసారే. సర్దుకుంటాను.

స్పోకులు చూశాడు. వేలితో మీటుతూ ఒక చుట్టు చుట్టి వచ్చాడు. అది చాలు.

జులై 9

ఇంజను చట్రంలో కూర్చుంది. మూడుసార్లు కూర్చోబెట్టాం. మొదటిసారి గొలుసు వెయ్యడం మరిచిపోయాం. రెండోసారి బావ కళ్ళజోడు లోపల ఉండిపోయింది.

జులై 15

స్టార్టయింది.

షాపు ముందు, పట్టపగలు. కిక్ బావ కొట్టాడు, నేను కొట్టాను, దారినపోయేవాళ్ళు అడిగి మరీ కొట్టారు. చివరికి మా ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చి, "ఆ తాళంచెవి తిప్పారా?" అంది. తిప్పలేదు. తిప్పాక మొదటి తన్నుకే లేచింది.

లేచిన శబ్దం ఎలా ఉందంటే, రేకు డబ్బా నిండా కోపం పోసి మూత పెట్టినట్టు. పొగ సంగతి చెప్పక్కర్లేదు. నీలంగా, చిక్కగా, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి. ఎదురు షాపు అద్దాల తలుపులు పొగని బేరం అనుకున్నాయి కాబోలు, తెరుచుకున్నాయి. మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకున్నాయి. లోపలున్న జనమంతా దగ్గుతూ బయటికొచ్చారు. చాలామంది. అంతమంది లోపల ఉన్నారని నేననుకోలేదు. అందరూ తెలిసిన మొహాలే. కొందరు నన్ను చూసి చేతిలో మందుల సంచీ వెనక్కి దాచుకున్నారు.

బండి బ్రహ్మాండంగా ఉంది.

జులై 16

బండి బ్రహ్మాండంగా ఉంది. ఆ సంచీ దాచుకున్నవాళ్ళ మీద నాకేం కోపం లేదు.

జులై 19

ఊరి బయటికి తీసుకెళ్ళాం. బావ నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మేం వచ్చిన దారి కనపడలేదు, అంత పొగ. రెండు సిలిండర్లూ ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు పాడుతున్నాయి. బావ ఏదో అరుస్తున్నాడు. నేనూ ఏదో అరిచాను. ఏం అరిచామో ఇద్దరికీ వినపడలేదు.

పెద్ద మిట్ట మొదలయ్యే చోట ఆగిపోయింది. ముందు గొణిగింది, తర్వాత ఒక్కసారి ఎగిరిపడి ఊరుకుంది.

"నీ వైరింగే," అన్నాడు బావ.

"నీ కార్బరేటరే," అన్నాను.

తోసుకుంటూ వెనక్కి బయల్దేరాం. హ్యాండిలు ఆయన పట్టాడు, సీటు నేను పట్టాను. ఎండ మాడ్చేస్తోంది. మొహం మొహం చూసుకోకుండా నడుస్తున్నాం కాబట్టేమో, మాట దానంతటదే బయటికొచ్చింది.

"బావా."

"ఊఁ."

"షాపు మూసేస్తున్నాను."

"ఊఁ."

"ఊఁ ఏంటి? నేను చిన్న మాట చెప్పలేదు. మా నాన్న పెట్టిన షాపు అది."

"నువ్వు ఎప్పుడో మూసేశావు బావా. పొద్దున్నే వెళ్ళి తలుపులు మాత్రం తెరుస్తున్నావు."

సీటు వదిలేసి నిలబడిపోయాను. బండి బరువంతా మీద పడేసరికి ఆయనా ఆగాడు.

"ఎవరెవరికి తెలుసు?"

"ఊరందరికీ. మామ్మకి తెలుసు, ఆర్డర్లు రాసుకునే ఆయనకి తెలుసు, మా చెల్లికి అందరికంటే ముందు తెలుసు. నీకు చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు. మా చెల్లి నోటికి రాకే బండి కొనిపించింది."

రోడ్డు పక్కన కూర్చున్నాను. బావ స్టాండు వేసి నా పక్కన కూర్చున్నాడు. వాడిపోయిన గడ్డి పీకుతూ కాసేపు కూర్చున్నాం. ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే లేచి వెళ్ళిపోయేవాడిని. నా భుజం మీదుగా బండి వైపే చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి వంగి ట్యాంకు కిందికి తొంగిచూశాడు.

"బావా, పెట్రోలు ట్యాపు తెరిచావా?"

"నడిపింది నువ్వు. నువ్వు తెరవలేదా?"

మూసే ఉంది. కార్బరేటరు గిన్నెల్లో మిగిలిన కాస్త పెట్రోలుతోనే అంత దూరం వెళ్ళి, అక్కడినుంచి ఇంత దూరం తోసుకొచ్చాం. ఇద్దరం రోడ్డు మీద పడి నవ్వాం. పక్కనుంచి వెళ్తున్న లారీ ఆయన ఆపి, ఏమైనా తగిలిందా అని అడిగాడు.

తిరిగొచ్చేటప్పుడు నేను నడిపాను. బావ వెనక కూర్చుని నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఊళ్ళోకి వచ్చేదాకా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. గాలికి కారాయని రాద్దామనుకున్నాను. కానీ నా హెల్మెట్‌కి అద్దం ఉంది.

జులై 21

షాపు తెరవలేదు. ఇవాళ ఎండా లేదు, వానా లేదు, నెలాఖరూ కాదు. బేరాలు లేవు, అంతే.

మా ఆవిడకి నేనే చెప్పాను. విని, "చేతులు కడుక్కుని రండి, భోజనం చల్లారిపోతోంది" అంది. తిన్నాక పక్కనే కూర్చుని చాలాసేపు నా చేతి మీద గ్రీజు మరకని గోటితో గీకుతూ ఉంది. పోలేదు. అయినా వదల్లేదు.

సాయంత్రం మా మేనకోడలు వచ్చింది. ఆస్పత్రిలో మందుల గదికి నమ్మకమైన మనిషి కావాలట. "నువ్వొస్తే నాకు బెంగ ఉండదు మామయ్యా" అంది. ఇదీ మా ఆవిడ పనే అయి ఉంటుంది. ఈసారి ఎవరు ఎవరిని ఉద్ధరిస్తున్నారో నేను అడగలేదు.

ఆలోచించుకుని చెబుతానన్నాను, రెండు రోజులు ఆగమన్నాను. ఆ మాత్రం బెట్టు లేకపోతే బాగుండదు.

వెళ్తాను.